పువ్వు పూస్తేనే సెలవు

పువ్వులంటే నాకు రోత. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. పెళ్లిళ్లలో స్టేజీ నిండా పూలు గుచ్చి, జనం వాటి ముందు వరుస కట్టి ఫొటోలు దిగుతుంటే నేను భోజనాల వైపు నడుస్తాను. అన్ని పువ్వుల మీదా కాదులెండి నా కోపం. బంతీ చామంతీ నన్నేం చేశాయి పాపం. నా పగ ఒకే ఒక్క పువ్వు మీద. దాని పేరు సైబీరియన్ ఐరిస్. సౌదీలో అభా అనే కొండ ఊళ్లో, ఒకరి ఇంటి పెరట్లో, దాన్ని ఈ చేతులతోనే పెంచాను. ఇన్నేళ్లయినా దాని రంగు బట్ట షాపులో కనబడితే మొహం తిప్పుకుంటాను.

మాది ఆర్మూరు వైపు. పసుపు పండించే ఇల్లు. పెళ్లయి, నా భార్య కాళ్ల పారాణి ఆరకముందే విమానం ఎక్కాను. అప్పటికి కువైట్ మీద ఎవడూ పడలేదు. మజ్రాలో పని, అంటే తోట పని, అన్నాడు ఏజెంటు. తోట అంటే ఎకరాలు అనుకున్నాను. తీరా చూస్తే కొండ వాలులో ఒక పెద్ద ఇల్లు, ఇంటి వెనక మూడు మెట్లుగా కట్టిన పెరడు. యజమానిని మేమంతా బాబా అనేవాళ్లం. ఏదో సర్కారు ఆఫీసులో పెద్ద ఉద్యోగం. మనిషి రాకముందే అత్తరు వాసన వచ్చేది. మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలో ఉండేవి. రెండేళ్లు పని చేస్తే ఇంటికి సెలవు అని ఒప్పందం. ఆ సెలవు కాగితం మీద ఆయన సంతకం పడాలి. పడకపోతే విమానం సంగతి అటుంచి, ఊరు దాటడానికి కూడా వీల్లేదు.

ఆ ఇంటి వంటగదిలో కడప నుంచి వచ్చిన ఒకావిడ పనిచేసేది. నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అనేవాణ్ని. ఆడవాళ్లుండే చోటికి నేను పోకూడదు కాబట్టి వంటగది కిటికీలోంచి అన్నం గిన్నె అందించేది. మా మాటలన్నీ ఆ కిటికీ ఊచల మధ్యనే. ఆ ఇంట్లో తెలుగు వినబడే చోటు అదొక్కటే.

అభా చలి ఊరు. సౌదీ అంటే ఇసుక, ఎండ అనుకుని పోయిన నేను అక్కడ స్వెటర్ వేసుకుని వణికాను. ఆ కొండ మీద ప్రతి ఇంట్లోనూ గులాబీలుండేవి. మా బాబాకు అదే బాధ. ఎవరింట్లోనూ లేనిది తన ఇంట్లో ఉండాలి. నేను చేరిన ఎండాకాలమే ఏదో చలి దేశం పోయి, అక్కడెవరి ఇంట్లోనో కొలను ఒడ్డున ఈ పువ్వు చూసి మోజుపడ్డాడు. తిరిగి వస్తూ పెట్టెలో చొక్కాల మధ్య కాగితాల్లో చుట్టి కొన్ని దుంపలు తెచ్చాడు. సన్నగా, గోధుమ రంగులో, ఎలుక తోకల్లాంటి వేర్లతో ఉన్నాయి. పుస్తకంలోంచి చింపిన బొమ్మ ఒకటి నా చేతికిచ్చి, ఇదిగో, ఇట్లా రావాలి అన్నాడు.

నాటాను. నాటడం నాకు కొత్త కాదు. కానీ ఈ మొక్క బాగా తింటుందని ఆయనకు ఎవరో చెప్పారట. ఇంట్లో విందు జరిగినప్పుడల్లా కోసిన గొర్రెల పేగులు, పొట్టలోని పేడ, కడిగిన నెత్తుటి నీళ్లు బకెట్లలో పెరట్లోకి వచ్చేవి. వాటిని ఆ మడి చుట్టూ గుంతలు తీసి పూడ్చాలి. నేను పూడ్చేవాణ్ని, ఊళ్లోని పిల్లులన్నీ వచ్చి తవ్వేవి. మళ్లీ పూడ్చేవాణ్ని. ఈగలు నా పెదవుల మీద వాలేవి. ఎంత సబ్బు రుద్దినా చేతుల కంపు పోయేది కాదు. చెంచాతో తినడం నేను అక్కడే నేర్చుకున్నాను. అది చూసి అక్క ఒకటే నవ్వు.

"ఏమబ్బీ, దొరబాబు మాదిరి స్పూనుతో తింటాండావే!"

"నవ్వకే అక్కా. చెయ్యి మూతికాడికి వస్తలేదు. గంత కంపు."

"అత్తరు పూసుకునే మారాజుకు ఈ కంపెట్ల నచ్చిందబ్బా! ఆయప్ప పెరట్లోకి వచ్చినాడా ఒక్కనాడన్నా?"

రాలేదు. పై అంతస్తు కిటికీ తెరిచి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, చెయ్యి ఊపి అడిగేవాడు, పూసిందా అని. నేను తల అడ్డంగా ఊపేవాణ్ని. కిటికీ మూసుకునేది.

మొదటి ఏడాది ఆకులు తప్ప ఏమీ రాలేదు. ఆకులంటే మన తుంగ తెలుసు కదా, పొలంలో కనబడితే పీకి గట్టు మీద పారేస్తాం, అచ్చం అట్లాంటివే, కాస్త పొడుగు. అంత దూరం నుంచి తెచ్చి, పేగులు తినిపించి, ట్యాంకర్ నీళ్లు పోసి తుంగ పెంచుతున్నందుకు నాకు ఒళ్లు మండేది. దాని పేరు నేను సైబీరియా గడ్డి అని పెట్టాను. అక్క కూడా అదే అనేది.

ఆ మరుసటి ఎండాకాలమే కువైట్ పక్క దేశం చేతిలోకి పోయింది. ఆ తర్వాత అన్నీ తారుమారయ్యాయి. పక్క ఊరు ఖమీస్ వైపు నుంచి విమానాలు మా నెత్తి మీదుగా పోతుంటే గిన్నెలు దడదడలాడేవి. ట్యాంకర్ రోజూ వచ్చేది కాదు. ఇంట్లో కిటికీలకు టేపులు అంటించారు. ఇంట్లోవాళ్లకు గ్యాసు మాస్కులు తెచ్చారు. నన్ను పిలిచి బాబా ఒక తువ్వాలు ఇచ్చాడు. గాలిలో విషపు మందు కలిస్తే తడిపి ముక్కుకు కట్టుకోమన్నాడు. అక్కకు అది కూడా లేదు, కొంగు ఉంది కదా అన్నారట. పైగా, ఉన్న నీళ్లలో ముందు ఆ మడికి పోసి, మిగిలితే నన్ను స్నానం చేయమన్నాడు. ఆ తువ్వాలు భుజాన వేసుకుని పోయి మడికి నీళ్లు పెట్టాను. మనిషిని చూసి అసహ్యం వేయడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మా వైపు నుంచి వచ్చినవాళ్లు జాబులు రాసుకోవడం తక్కువ. కేసెట్లు పంపుకునేవాళ్లం. ఊరికి పోయేవాళ్ల చేతికి టేపు ఇస్తే, వచ్చేవాళ్ల చేత జవాబు టేపు వచ్చేది. ఆ రోజుల్లో నా భార్య పంపిన కేసెట్‌లో మేకల అరుపు, ఎవరో దగ్గడం, నడుమ తన గొంతు. చుట్టూ అందరూ కూర్చుని వింటుంటే మాట్లాడుతోందని తెలుస్తోంది, గొంతు అంత చిన్నగా ఉంది.

"మంచిగున్నవా? గాడ లడాయట గదా. టీవీల సూపిస్తున్నరట. పైసలేం వద్దు, ఏం వద్దు. నువ్వైతే రా. నీ మొకం యాదికి తెచ్చుకుందామంటె సక్కగ వస్తలేదు. నాకు బయమైతున్నది."

ఆ టేపు ఎన్నిసార్లు విన్నానో. నాకూ అంతే. కలిసి ఉన్నది నెలా నెలన్నర. ఆమె ముఖం తలుచుకుంటే పెళ్లినాటి బాసికం కనబడేది, ముఖం కనబడేది కాదు. పోయి బాబాను అడిగాను. రెండేళ్లు నిండలేదు కదా అన్నాడు. ఇక్కడికి యుద్ధం రాదు అని కూడా అన్నాడు. ఆ మాట అన్నవాడే, బాంబులు మొదలైన వారంలోనే పెళ్లాం పిల్లల్ని, అక్కతో సహా, రెండు బండ్లలో ఎక్కించుకుని కింద పల్లెలో చుట్టాలింటికి వెళ్లిపోయాడు. ఇల్లూ, పెరడూ, ఆ గడ్డీ నా పాల పడ్డాయి.

అప్పుడు జరిగింది అసలు సంగతి. చలికి ఆ ఆకులు పండుబారి, గోధుమరంగుకు తిరిగి, పూర్తిగా ఎండి నేల మీద వాలిపోయాయి. మా పొలాల్లో ఆకు అట్లా వాలిందంటే పసుపు పండినట్టు. సరిగ్గా అదే కాలం కూడా. ఊళ్లో నా వాళ్లు ఈపాటికి తవ్వకాల్లో ఉంటారనుకున్నాను. చేతులు ఊరుకోలేదు. ఆకు కోసి, గడ్డపార వేసి, మడి మొత్తం తవ్వాను. దుంపలు ఒకటికి నాలుగవడం చూసి సంతోషపడ్డాను కూడా. కొమ్ములు విరిచాను, వేర్లన్నీ శుభ్రంగా గీకేశాను, సామాన్ల గదిలో నీడకు కుప్ప పోసి ఆ ఎండుటాకులే పైన కప్పాను. విత్తనపు పసుపును మేం దాచేది అట్లాగే. వానలకు తీసి నాటుతాం. తాతల నాటి పద్ధతి. ఇందులో నా తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. దుంప ఇచ్చినవాడు దాని గుణం చెప్పాలి. ఆయన బొమ్మ ఇచ్చాడు.

యుద్ధం ముగిసి వాళ్లు తిరిగొచ్చాక బాబాను నేనే గర్వంగా గదికి తీసుకుపోయి కుప్ప చూపించాను. ఆకులు తీస్తే లోపల దుంపలు శొంఠి కొమ్ముల్లా బిగదీసుకుపోయి ఉన్నాయి. ఒకటి విరిస్తే పుల్లలా టప్పుమంది. బాబా అరిచిన అరుపుకు పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఈ జాతి ఒక్కరోజు ఆరినా చస్తుందట. చలికి ఆకు ఎండినా దుంప నేలలోనే ఉండాలట. నాకు గాడిద నుంచి మొదలుపెట్టి చాలా పేర్లు పెట్టాడు. కుప్ప అడుగున, గోడ చెమ్మకు, కొన్ని మాత్రం మెత్తగా మిగిలాయి. వాటిని నా ముందు విసిరి అన్నాడు, "నాటు. ఇవి పూసిన రోజు నీకు సెలవు. పూసేదాకా నా ముందు ఇంటి మాట ఎత్తకు."

నా రెండేళ్లు మరి కొన్ని నెలల్లో నిండుతాయి. అది ఆయనకూ తెలుసు.

ఆ ఏడాది నేను ఒక గడ్డికి దాసుణ్నయ్యాను. వేరే మాట లేదు. నా స్నానం నీళ్లు దానికే. చలికాలం దాని మీద గోనెలు కప్పాను. పేగుల గుంతల పురుగుల్ని చేత్తో ఏరాను. పొద్దున లేస్తే దేవుడి పటం కంటే ముందు ఆ మడి ముఖం చూసేవాణ్ని. దాన్ని చూస్తే రోత, అయినా ఒక్క ఆకు వాడితే పరుగెత్తి నీళ్లు పోసేవాణ్ని. ఇంత నీచమైన బతుకు నేను ముందూ బతకలేదు, తర్వాతా బతకలేదు. నా భార్యకు మాత్రం నిజం చెప్పలేకపోయాను. పువ్వు పూయలేదు కాబట్టి ఇంటికి రావడం లేదని పెళ్లానికి ఏ మొగుడు చెబుతాడు? లడాయి వల్ల కాగితాలు ఆగిపోయాయని టేపులో అబద్ధం చెప్పాను. తర్వాతి కేసెట్లలో ఆమె రమ్మని అడగడం మానేసింది. వానలు పడ్డాయని, మేక ఈనిందని చెప్పి ఊరుకునేది.

మరుసటి వసంతంలో ఒక పొద్దున ఆకుల మధ్య పుల్లలు లేచాయి, వాటి చివర నీలి మొగ్గలు. రెండు మూడు రోజులకు విచ్చుకున్నాయి. ఎట్లా ఉందంటే, మూడు రేకులు కిందికి వేలాడేసి నాలుక బయట పెట్టి వెక్కిరించినట్టు ఉంది. నాలుక మొదట్లో పసుపు, తెలుపు గీతలు. వంగి వాసన చూశాను. ఏమీ లేదు. పచ్చి గడ్డి వాసన కూడా లేదు. ఇంతేనా అనిపించింది. ఇంతే అయినా వంటగది కిటికీ దగ్గరికి పిచ్చివాడిలా పరుగెత్తాను.

"అక్కా! పూసింది!"

అక్క చేతిలో పిండి అట్లాగే ఉంది. ఊచల మధ్యనుంచి మొహం పెట్టి చూసింది. ఆమె కళ్లల్లో నీళ్లు.

"పూసెనా! ఈ పూల మొగాన దుమ్ముబడ, ఇన్నాళ్లకు పూసెనా! ఇంగ నువ్వు పెండ్లాం కాడికి పోతాండావబ్బీ. ఆ పిల్లకు నేను అడిగినానని చెప్పు."

బాబా ఆ రోజు పెరట్లోకి దిగాడు. చెప్పులకు బురద అంటకుండా చెక్కలు వేయించుకుని, పూల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు. సెలవు సంగతి అడిగాను. నా భుజం తట్టి, వారంలో విందు ఉంది, అది కానీ, మరునాడే సంతకం అన్నాడు. సంతోషంతో ఆ విందు గొర్రెల పేగులు కూడా పాడుకుంటూ పూడ్చాను.

విందుకు రియాద్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. బాబా పైఅధికారి అని అక్క చెప్పింది. కాఫీ తాగి అందరూ పెరట్లోకి వచ్చారు. నేను పైపు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆ పెద్దమనిషి పూలను చూసి మాషా అల్లా అన్నాడు, చాలా అందంగా ఉన్నాయన్నాడు. అక్కడి మర్యాద ఏమిటంటే, అతిథి ఒక వస్తువును మెచ్చుకుంటే, అది నీదే తీసుకో అనాలి. గడియారాలు, కత్తులు అట్లా చేతులు మారడం నేను చూశాను. బాబా గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఇవి మీవే అన్నాడు. వద్దు వద్దన్నాడు పెద్దమనిషి. మీవేనని ఒట్టు వేశాడు బాబా. నేను వీటిని ఎట్లా పెంచగలను అని నవ్వాడు ఆయన. అప్పుడు బాబా నా వైపు చెయ్యి చూపించాడు. అంతవరకు వచ్చిన అరబ్బీలో నాకు ఒక్క ముక్క బాగా అర్థమైంది. ఈ హిందీవాణ్ని, అంటే ఇండియావాణ్ని, కూడా తీసుకోండి, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను, అలవాటు కొద్దీ.

వాళ్లు లోపలికి పోతుంటే బాబాను ఆపాను. నా సెలవు అన్నాను. ఇక ఆయన్నే అడుగు అన్నాడు. రియాద్ ఎండకు ఇవి బతకవు బాబా అన్నాను. గొంతు తగ్గించి, పళ్లు బిగించి, ఇచ్చినదాని గురించి చెడ్డ మాట అనకు అన్నాడు. ఆ అత్తరు వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. కొన్ని గుబుర్లు తన పెరట్లోనే ఉంచుకున్నాడు. బాగున్నవే ఇచ్చాడు, మర్యాద కదా. మరునాడు వాటిని మట్టితో సహా తవ్వి తడి గోనెల్లో చుట్టి పికప్ వెనక పెట్టాను. నేనూ వాటి పక్కనే కూర్చున్నాను. డ్రైవర్ నన్ను ముందు కూర్చోమనలేదు. వంటగది కిటికీలో అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

కొత్త ఇల్లు రియాద్‌లోని మలాజ్ పేటలో. చుట్టూ దుకాణాలు, పాత ఇళ్లు, సిమెంటు వాకిలి. గోడ పక్కన చాపంత మట్టి. నీళ్లు ఉప్పగా ఉండేవి. కొత్త యజమాని కాగితాలు తన పేరుకు మార్చుకుని మంచిగానే చెప్పాడు, నీ రెండేళ్లు ఇవాళ్టి నుంచి మొదలు అని.

ఆ పూలను నేను చంపి ఉంటానని మీరు అనుకోవచ్చు. చంపలేదు. పందిరి వేశాను, తడి గోనెలు కట్టాను. ఆ ఇంటి అమ్మగారు ఫ్రిజ్‌లోంచి ఐసు పంపితే వేర్ల మీద పోశాను. వీధిలో సిమెంటు మోసే మా వైపు కుర్రాళ్లు పైపు నీళ్లు తాగుతుంటే నేను గడ్డికి ఐసు పెడుతున్నాను. వాళ్లు చూస్తుంటే సిగ్గుతో చచ్చేవాణ్ని. ఎండలు ముదిరేసరికి ఆకుల కొసలు కాలాయి, తర్వాత మొదళ్లు కుళ్లి చీమిడిలా జారిపోయాయి. తవ్వితే చేతికి జిగురు అంటింది.

కొత్త యజమాని నా ముందే అభాకు ఫోన్ చేశాడు. పూలు పోయాయని బాధగా చెప్పాడు. అవతల బాబా గొంతు ఫోన్లోంచి బయటికి వినబడుతోంది. దానిదేముంది, ఇక్కడ ఇంకా ఉన్నాయి, ఎండాకాలం పోయాక పంపిస్తాను అంటున్నాడు. నా ఊసే లేదు. ఫోన్ పెట్టేసి ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇంట్లో సిమెంటు వాకిలికి మాలీ ఎందుకు? పనికిరాడని రాసి ఖురూజ్ కొట్టించాడు. అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేయడం. పసుపు రైతు కొడుకును మొక్కలు పెంచడం రాదని తరిమేశారు. ఆ కాగితాన్ని నేను కళ్లకు అద్దుకున్నాను.

ఇంటికి చేరేసరికి మూడేళ్లు దాటింది. వాకిట్లో బియ్యం ఏరుతున్న మనిషి తలెత్తి చూసింది. ఎవరు కావాలి అన్నట్టు చూసింది. తర్వాత చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆ ముఖాన్ని నేను గుర్తుపట్టాను. అన్నాళ్లూ గుర్తుకు రానిది చూడగానే గుర్తుకొచ్చింది. ఏడుపు ఆగలేదు.

నిజం చెప్పడానికి ఇంకో వారం పట్టింది. ఇద్దరమే ఉన్నప్పుడు మొత్తం చెప్పేశాను. పేగులు, తువ్వాలు, ఎండిన దుంపలు, విందు, ఐసు, అన్నీ. బూతులు కూడా తిట్టాను. ఆమె అడ్డం రాకుండా విన్నది. నవ్వుతుందేమో, ఏడుస్తుందేమో అని చూశాను.

"నిన్ను ఇంటికి రాకుంట ఆపిన పువ్వు," అన్నది, "నాకొక్కటన్న తేకపోతివి. ఎట్లుంటదో సూస్తుంటి."

అతిథి అడగకుండానే మడిలో బాగున్నవన్నీ ఇచ్చారు. వాటిని పెంచినవాణ్ని నేను. ఒక్క పువ్వు కోసి, ఇది నా భార్యకు అని పుస్తకంలో దాచుకోవాలని అన్నాళ్లలో నాకు ఒక్కసారి కూడా తోచలేదు.